ఇంటికొకరు

వరదకు గూడు పోయిన నలభై కుటుంబాలు బళ్ల కింద తలదాచుకుంటున్నాయి. పట్నంలోని ఖాళీ ఇళ్లు వాళ్లకిమ్మన్నాడు రాజు. అక్కడ నలభై ఇళ్లు ఖాళీగా ఉంచుకున్న నగరాధికారి రుద్రప్పయ్యకేమో ప్రాణం పోయినా తాళం తియ్యబుద్ధి కాదు.

"నా నలభై ఇళ్లలో ఒక్కటీ ఖాళీ లేదు ప్రభూ! అన్నిట్లో మా చుట్టాలే ఉన్నారు" అన్నాడు నిండు సభలో.

ఇల్లు పోయినవాళ్లలో ఒకతె, తాపీపని చేసే ఎర్రక్క, ముందుకొచ్చింది.

"మంచిది దొరా. రేపే కాలువ పూడికతీత. ఆచారం ప్రకారం ఇంటికొకరు రావాలి. రాని ఇంటి వంతు యజమానే తవ్వాలి. మీ చుట్టాలు నలభై మందినీ పంపండి. లేదా నలభై వంతులూ మీరే తవ్వండి."

రుద్రప్పయ్య గబుక్కున మాట మార్చాడు. "చుట్టాలెవరూ లేరు! అన్నీ తాళాలేసిన ఇళ్లే!"

ఎర్రక్క చెయ్యి చాచింది. "అయితే తాళంచెవులివ్వండి. ఆ నలభై ఇళ్ల నుంచీ రేపు ఇంటికొకరం పలుగూ పారా పట్టుకొస్తాం."