చివరి విస్తరి

"స్వామీ, పెద్దలకు ఎదురు తిరగాలంటే పైకి తిరగాల్సిందేనా? మనసులో తిరిగితే చాలదా?" అని అడిగాడు శిష్యుడు వేదాద్రి. పూర్ణయ్యస్వామి లేస్తూ, "భోజనాల వేళయింది, పద" అన్నారు.

వేదాద్రి అలా అడగడానికి కారణముంది. ఆశ్రమం మందుల గదికి కంప్యూటర్ కొనిచ్చిన ధర్మకర్త పార్వతీశం, అది ఇంగ్లీషులోనే నడవాలని హుకుం జారీ చేశాడు. తెలుగు పెడితే పరువు పోతుందట! ఎవరి పరువో ఆయనకే తెలియాలి. మందులిచ్చే మంగతాయారుకు చదవడం వచ్చింది తెలుగే. సాయంత్రంలోగా ఆమె కంప్యూటర్ నడిపి చూపించకపోతే ఆ పని తన బావమరిదికిస్తానన్నాడు. ఆ కంప్యూటర్ బాగోగులు చూసే వేదాద్రికి ఒళ్ళు మండింది. మండి ఏం చేశాడు? తన పేరుతో తెరిచినప్పుడు మాత్రం తెలుగు వచ్చేలా గుట్టుగా మార్చుకున్నాడు. మిగతా అందరికీ ఇంగ్లీషే ఉంచాడు.

ఆ ఆశ్రమంలో చివరి విస్తరి ముందు మనిషి కూర్చునేదాకా మొదటి విస్తరిలో ఎవరూ చెయ్యి పెట్టరు. ఆనాడు పంక్తిలో పార్వతీశం కూడా ఉన్నాడు. వడ్డన అయింది. చివరి విస్తరి ముందు ఎవరూ లేరు.

"కానివ్వండి స్వామీ, చల్లారిపోతోంది" అన్నాడు పార్వతీశం.

"మంగతాయారు రావాలి" అన్నారు స్వామి.

"ఆవిడ రాదండీ. కంప్యూటర్ ముందు కూర్చుని ఏడుస్తోంది" అన్నాడు వడ్డించే మనిషి.

స్వామి పక్కనున్న వేదాద్రి వైపు వంగి, "నువ్వు మనసులో తిరగబడ్డ సంగతి ఆమెకు తెలుసునా?" అని మెల్లగా అడిగారు.

వేదాద్రి సిగ్గుతో చచ్చిపోయాడు. లేచి మందుల గదికి వెళ్ళాడు. ఈసారి తన ఒక్కడి కోసం కాదు, ఎవరు తెరిచినా ముందు తెలుగే కనబడేలా కంప్యూటర్ మొత్తానికీ పెట్టి, ఆపి మళ్ళీ వేశాడు. మంగతాయారు కళ్ళు తుడుచుకుని తెర మీది మాటలు ఒక్కొక్కటే పైకి చదివింది. "ఓరి నాయనో, ఇదా పొద్దున్నించీ నన్ను ఏడిపించింది!" అంది.

ఇద్దరూ పంక్తికి వచ్చారు. వేదాద్రి తిన్నగా పార్వతీశం ఎదుట నిలబడ్డాడు.

"కంప్యూటర్ తెలుగులోకి మార్చేశానండీ."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు. మీరు మళ్ళీ మారిస్తే నేనూ మళ్ళీ మారుస్తాను." అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మంగతాయారు చివరి విస్తరి ముందు కూర్చుంది. శిష్యుణ్ణి మందలిస్తారేమోనని పార్వతీశం స్వామి వంక చూశాడు. స్వామి పప్పన్నం ముద్ద నోట పెట్టుకున్నారు.

"చల్లారింది. అయినా బాగుంది. కానివ్వండి, పార్వతీశం గారూ."