గీతలెక్కువైన చెట్టు

అనగనగా ఒక అడవిలో తలకాయల మీద పరిశోధన జోరుగా సాగుతుండేది. పండితులు ఎవరి తలలో ఏముందో కనిపెట్టి మోదుగాకు మీద రాసి, తాము ఉండే చెట్టుకు వేలాడదీసేవారు. ఆ మాట పనికొచ్చినవాళ్ళు ఆ చెట్టు బెరడు మీద గోటితో ఒక గీత గీయాలి. అది ఆ అడవి ఆచారం. గీతలెక్కువ ఉన్నవారే పెద్ద పండితులు.

ఆచార్య కొండముచ్చు చెట్టుకు నాలుగు వందల గీతలున్నాయి. ఎలా వచ్చాయంటారా? ఆయనకు ఇద్దరు స్నేహితులు, ఒక కోతి, ఒక ఎలుగుబంటి. పొద్దున లేవగానే ముగ్గురూ ఒకరి చెట్టు ఒకరు గీకేవారు. గీతలు పెరిగిన ప్రతిరోజూ మిట్టమధ్యాహ్నం డప్పులతో ఆచార్యులవారికి సన్మానం. అరటాకే శాలువా.

పక్క చెట్టు మీద ఒక తొండ ఉండేది. మూడేళ్ళుగా ఉడతల తలల్ని గమనించి, ఒక్కటంటే ఒక్క ఆకు రాసింది. దాని చెట్టుకు రెండే గీతలు.

"మూడేళ్ళకు ఒక ఆకా? కూర్చుని తల ఊపడం తప్ప నీకేమొచ్చమ్మా?" అని నవ్వేవాడు కొండముచ్చు.

"మీరు చెట్టంతా గీకిస్తున్నారు ఆచార్యా. బెరడు పోతే చెట్టు ఎండుతుంది," అంది తొండ.

"అసూయకు మందు లేదు," అన్నాడాయన. అప్పటికే పై కొమ్మల ఆకులు రాలుతున్నాయి. చదువు బరువుకు రాలుతున్నాయని ఆయన అందరికీ చెప్పాడు.

ఆ అడవిలోనే చారులమ్మ అనే ఉడత ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. వానాకాలానికని గింజలు దాచేది, మర్నాటికి ఎక్కడ దాచిందో మరిచిపోయేది. వానలకు ఇంకా పది రోజులే ఉన్నాయి. గూట్లో ఒక్క గింజ లేదు. ఎవరిని అడగాలి? గీతలు చూసి, నేరుగా కొండముచ్చు దగ్గరికి పరిగెత్తింది.

"ఆచార్యా, నా తలకేమైంది?"

"మంచి ప్రశ్న. నా ముప్పై ఏడో ఆకు చదువు."

చదివింది. 'ఉడతకు తల కలదు. మతిమరుపు సంగతికి ఎలుగుబంటిగారి ఆరో ఆకు చూడుము.' ఎలుగుబంటి చెట్టుకు వెళ్ళింది. 'ఈ విషయమై కోతిగారి తొమ్మిదో ఆకు చూడుము.' కోతి చెట్టెక్కింది. 'ఆచార్యులవారి ముప్పై ఏడో ఆకులో అంతా కలదు.'

ఇలా తిరగడానికి మూడు రోజులు పట్టింది. పాపం, పిల్లలు ఆకలికి తోకలు నాకుతున్నారు. చివరికి తొండ దగ్గరికి వచ్చింది.

"తొండక్కా, నీ చెట్టుకు రెండు గీతలే ఉన్నాయని ఇన్నాళ్ళూ రాలేదు. ఏమనుకోకు."

"అనుకున్నానులే. ఇప్పుడు చెప్పు, మధ్యాహ్నం పడుకుంటున్నావా?"

"ఎక్కడ పడుకోను? ఆ సన్మానం డప్పులకు పిల్లలే ఉలిక్కిపడుతున్నారు."

"అదే నీ జబ్బు. నువ్వు పొద్దున దాస్తావు. మధ్యాహ్నం కునుకు పడితేనే దాచిన చోటు తలలో నిలుస్తుంది. లేకపోతే జారిపోతుంది. రెండు వందల ఉడతల్ని చూసి రాశాను."

"మరి ఈ మాట అందరికీ చెప్పలేకపోయావా?"

"చెప్పాను. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు."

చారులమ్మ పిల్లల్ని తీసుకుని, డప్పులు వినపడని చోటికి వాగు దాటింది. పొద్దున దాచింది, మధ్యాహ్నం హాయిగా నిద్రపోయింది. మర్నాడు వెళ్ళి చూస్తే గింజలన్నీ గుర్తున్నచోటే ఉన్నాయి. వారం రోజులు అలాగే చేసి, వానలు పడేలోపు గింజలన్నీ మోసుకుని తిరిగొచ్చింది. తొండ చెట్టు మీదే గూడు కట్టి, బెరడుకు దెబ్బ తగలకుండా ఒక చిన్న గీత గీసింది.

"మూడు గీతలా! అబ్బో, సన్మానం ఎప్పుడమ్మా?" అని అరిచాడు కొండముచ్చు.

ఆ సాయంత్రమే గాలివాన వచ్చింది. నాలుగు వందల గీతల చెట్టుకు బెరడు లేదు, లోపల తడి లేదు. ఫెళ్ళున కూలింది. తడిసి ముద్దయిన ఆచార్యులవారు తొండ చెట్టు కింద నిలబడ్డారు. స్నేహితులు ఏరీ అంటారా? గీకడానికి చెట్టు లేదుగా, ఇక రారు.

"ఎక్కనా అమ్మా?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

ఆయన వెక్కిరించిన ఆ తలనే తొండ మెల్లగా ఊపింది.

"ఎక్కండి. గోళ్ళు మాత్రం లోపల పెట్టుకోండి. ఇక్కడ మధ్యాహ్నం డప్పులు ఉండవు, పిల్లలు పడుకుంటారు."

పై గూట్లోంచి చారులమ్మ పిల్లలు తిని పడేసిన గింజల పొట్టు ఆచార్యులవారి నెత్తిన పడింది. నెత్తిన పడినదాన్ని ఆయన మొదటిసారి సన్మానం అనుకోలేదు.

నీతి: ఒక పనికి ఎన్ని గీతలు పడ్డాయని కాదు, దానివల్ల ఎవరి ఆకలి తీరిందని అడగండి.