చీలిన టైరు, ముగ్గురు పెద్దలు

ఒక ఊళ్లో ఒక మంత్రసాని ఉండేది. ఆమె చుట్టుపక్కల పల్లెలు తిరగడానికి ఊరంతా కలిసి ఒక సైకిలు కొనిచ్చింది. ఉమ్మడి వస్తువుకి ఏం చేయాలన్నా ముగ్గురు పెద్దలూ ఒక్క మాట మీదికి రావాలన్నది అక్కడి కట్టుబాటు. మంచి కట్టుబాటే. కాకపోతే ఆ ముగ్గురూ ఎన్నడూ ఒక్క మాట మీదికి రాలేదు.

ఓ రోజు వెనక టైరు బెత్తెడు పొడుగున చీలింది. మంత్రసాని ట్యూబుకి అతుకు వేసుకుంది గానీ, గాలి కొడితే అది చీలికలోంచి బయటికి తన్నుకొస్తోంది. సైకిలు నడిపించుకుంటూ పెద్దలు కూర్చునే చావడికి వెళ్లింది.

"కొత్తది వేయిద్దాం. అతుకుల బొంత ఎన్నాళ్లాగుతుంది?" అన్నాడు పెద్దాయన.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? బాగుచేయిద్దాం," అన్నాడు రెండో ఆయన.

మూడో ఆయన ఇద్దరికీ తలూపాడు. పొద్దు బారెడెక్కింది.

అంతలో తుమ్మతోపు అవతలి పల్లె నుంచి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నా పెళ్లానికి నొప్పులు మొదలయ్యాయి!"

కిందటేడు ఇలాగే వాదన తెగక మంత్రసాని ఆ పల్లెకి నడిచి వెళ్లింది. వెళ్లేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఈసారి అలా జరగనివ్వనని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

"తొందరపడితే ఎలాగమ్మా? మాట తేలనీ," అన్నాడు పెద్దాయన.

ఆమె గుమ్మం దగ్గర ఆయన విడిచిన చెప్పులు చూసింది. పాత టైరుతో కుట్టినవి, అరిగి పలచబడ్డాయి. చూరులోని కొడవలి లాగి ఒకదాని అట్ట బెత్తెడుకి కాస్త పైగా కోసింది. ఆ ముక్కని టైరు లోపల చీలిక మీద పరిచి, ట్యూబు సర్ది, గాలి కొట్టింది. నిలిచింది.

"అది ఊరి సైకిలు! ఇది నా చెప్పు!" పెద్దాయన గావుకేక పెట్టాడు.

"ఏది ఎవరిదో తేలుస్తూ ఉండండి పెదనాయనా, నే వచ్చేస్తా," అని సైకిలెక్కింది.

పొద్దు వాలుతుండగా తిరిగి వస్తే, తుమ్మతోపు దారిలో పెద్దాయన చతికిలబడి ఉన్నాడు. ఒట్టికాళ్లతో చేనికి బయల్దేరి సగంలో ఆగిపోయినట్టున్నాడు. అరికాళ్ల నిండా ముళ్లే. పక్కన ఏరిపోసిన ముళ్లు చిన్న కుప్పయ్యాయి.

"ఇన్నాళ్లూ ఈ దారినే తిరుగుతున్నావా?" అన్నాడు.

"ఇంకో దారెక్కడుంది?"

ఆయన అరికాల్లోంచి ఇంకో ముల్లు పీకి కుప్పలో వేశాడు. "ఏం బిడ్డ?" అన్నాడు.

"ఆడపిల్ల. ఏడాదికి నడుస్తుంది."

పెద్దాయన మళ్లీ వంగి, ఈసారి దారిలోని ముళ్లు ఏరడం మొదలుపెట్టాడు.