గుండ్లకు డోలీ, పెళ్ళికొడుక్కి జీపు

మా ఇంటివాళ్ళ తెలివి గురించి కొండ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. ఏం చెబుతారో మేం ఎప్పుడూ ఆగి వినలేదు. మా తెలివి మాకు తెలుసు కదా, ఇంకొకరు చెప్పేదేమిటి?

పోలినాయుడు మావయ్యకి జుట్టంతా పల్చబడ్డాక ఒక సంబంధం కుదిరింది. పెళ్ళికూతురు పైడితల్లిది కొండమీది ఊరు. దారంతా రాళ్ళు, మధ్యలో వాగు. ఇది గానీ తప్పిపోతే కొడుక్కి ఇక ఈ జన్మలో పెళ్ళి కాదని మామ్మ బెంగ. అందుకని మా పాత జీపుని మెకానిక్ గౌరీసుకి చూపించాం.

గౌరీసు కిందకి దూరి, ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి గుమ్మడికాయల్లా వేలాడుతున్న ఇనప గుండ్లు చూపించాడు. వాటిని డిఫరెన్షియల్ అంటారట. ఇంజను బలాన్ని చక్రాలకు పంచేవి అవేనట.

"ఇవి పగిల్తే జీపు కదల్దు. కింద మందపాటి రేకు ఏసుకోండి. రాళ్ళ కాడ ఒకరు దిగి ముందు నడవండి. ఏటి సేసినా ఈటికి మాత్రం రాయి తగలనియ్యకండి" అన్నాడు.

ఇంకేముంది, తాత మేకలపాక మీది రేకు పీకాడు. కింద వేసుకోమన్నాడు కదా, దారిమీద పరిచాం. జీపు దాటగానే లాక్కుని మళ్ళీ ముందు పరచడం. వీధి చివరికి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. నీడ పోయిన మేకలు రేకుతోపాటే మా వెంట వచ్చాయి.

ఒకరు దిగి ముందు నడవమన్నాడని తాత నడిచాడు. నడుస్తూనే పోయాడు. ఆఖరికి పక్కూరి సంతలో దొరికాడు. నడవమన్నాడు గానీ ఆగమన్లేదు కదా అని మామీదే విసుక్కున్నాడు.

తెల్లారితే పెళ్ళి, జీపేమో మళ్ళీ ఇంటి ముందుకే వచ్చి చేరింది. మామ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ రోజు అందరూ నా వీపు తట్టారు. గుండ్లని విప్పి మనమే మోసుకుపోతే రాయి ఎలా తగులుతుంది అన్నాను. అంతే. విప్పేశాం. నూనె తుడిచి, పసుపు రాసి, రోగుల్ని మోసే డోలీలో రెంటినీ పక్కపక్కన పడుకోబెట్టి దుప్పటి కప్పాం.

పొద్దున్నే మామ్మ మావయ్యకి బొట్టు పెట్టి జీపులో కూర్చోబెట్టింది. పెళ్ళిపందిట్లోనే కాలు కింద పెట్టాలి, ఈలోగా దిగావంటే ఊరుకోనంది. మావయ్య బుద్ధిగా తలూపాడు. మేం డోలీ భుజానికెత్తుకుని కొండెక్కాం. రాళ్ళు దాటాం, వాగు దాటాం. మా భుజాలు వాచిపోయాయి గానీ గుండ్లకి ఒక్క గీత పడలేదు.

పందిరి దగ్గర ఆడవాళ్ళు, పాపం పెళ్ళికొడుక్కి ఒంట్లో బాగాలేదేమో అని గుసగుసలాడుకుంటూనే డోలీకి హారతిచ్చి, పెళ్ళిపీటల మీద దింపించారు. పైడితల్లి వచ్చి దుప్పటి తీసింది. రెంటినీ మార్చి మార్చి చూసింది.

"ఈల్లిద్దర్లో నన్ను పెళ్ళాడీది ఎవులు?" అని అడిగింది.

తాత నవ్వాడు. పెళ్ళికొడుకు జీపులో ఉన్నాడని, జీపు ఇంటి దగ్గర భద్రంగా ఉందని ధైర్యం చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. సంబంధం పోయిందే అని మామ్మ కూలబడింది.

పైడితల్లి మాత్రం దండ మెళ్ళో వేసుకుని, ఆ మనిషిని ఎండలో ఎంతసేపు కూర్చోబెడతారంటూ కొండ దిగడం మొదలెట్టింది. పురోహితుడు, బాజాలవాళ్ళు, మేమూ ఆమె వెనక పరిగెత్తాం. గుండ్లు పెళ్ళిపీటల మీదే ఉండిపోయాయి.

మావయ్య జీపులోనే ఉన్నాడు. పందిరి రాలేదు గనక దిగనన్నాడు. చేసేదేముంది, పురోహితుడు బానెట్ ఎక్కి మంత్రాలు చదివాడు. సీట్లోనే తాళి కట్టించాం. మామ్మ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

కొండమీద భోజనాలు చల్లారిపోతాయని అందరం వెనక ఎక్కి ఇరుక్కుని కూర్చున్నాం. మావయ్య తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది. గేర్లు మారుస్తూ, స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ, హారన్ కొడుతూ చీకటి పడేదాకా నడిపాడు.

"గౌరీసు మాట ఇన్నాం గాబట్టే" అన్నాడు కొత్త పెళ్ళాంతో, చెమట తుడుచుకుంటూ. "సూడు, ఇన్ని రాళ్ళల్లో ఒక్క కుదుపైనా లేదు."

మలుపొస్తోంది, నెమ్మదిగా పోనివ్వమని చెప్పి, పైడితల్లి రెండు చేతులతో కమ్మీ గట్టిగా పట్టుకుంది.