బోర్డు మీద రాసిన పేరు

డాక్టర్ మురహరి గుండె కవాటాల ఆపరేషన్లు నలభై తొమ్మిది చేశాడు. ఒక్కరూ చనిపోలేదు. యాభై నిండితే పెద్ద వైద్యుల సభలో చదవడానికి వ్యాసం రాసి పెట్టుకున్నాడు. ఇంకొక్కటి కావాలి.

ఆ వారం ఈరమ్మ వచ్చింది. వయసు ముప్పై ఒకటి, బరువు ముప్పై నాలుగు కిలోలు. చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో జ్వరం వస్తే సరైన మందు పడలేదు. గుండెలో కవాటం గట్టిపడిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆదోని అవతల పల్లె నుంచి భర్త తిక్కన్న తీసుకొచ్చాడు.

"లిఫ్టు పనిచెయ్యలేదు సార్. మూడంతస్తులు ఎత్తుకోనే వచ్చినా. జొన్న మూట కన్నా తేలికే ఈమె," అన్నాడు తిక్కన్న.

"మరి మెట్టు మెట్టుకూ ఎందుకు ఆగితివి?" అంది ఈరమ్మ, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ.

మురహరి నవ్వలేదు. పరీక్షల కాగితాలన్నీ చూశాడు. కేసు షీటు మీద "ఆపరేషన్‌కు తగదు, మందులు వాడాలి" అని రాసి పరాంకుశం గారి ముందు పెట్టాడు.

ఆ ధర్మాసుపత్రికి పరాంకుశం గారు పెద్ద సర్జను. మురహరికి కత్తి పట్టడం నేర్పింది ఆయనే. చేయి వణకడం మొదలైన రోజే, ఎవరూ చెప్పకముందే, ఆయన ఆపరేషన్లు మానేశారు.

"చేస్తే?" అని అడిగారు.

"ఇలాంటి వాళ్ళు నలుగురిలో ఒకరు పోతారు సార్."

"చెయ్యకపోతే?"

మురహరి కేసు షీటు వంక చూశాడు. "ఏడాది బతకడం కష్టం," అన్నాడు.

పరాంకుశం గారు మందలించలేదు. లేచి వరండాలోకి నడిచారు. థియేటరు బయట ఒక నల్లబోర్డు ఉంటుంది. మరునాడు ఎవరికి ఆపరేషనో, ఎవరు చేస్తారో దాని మీద రాస్తారు. రోగి మనుషులకు తెలియాలని ఆయన పెట్టిన పద్ధతి. ఆయన సుద్దముక్క తీసుకుని వంకర అక్షరాలతో ఈరమ్మ పేరు రాశారు. దాని ఎదురుగా, సర్జను పేరు ఉండేచోట, తన పేరు రాశారు.

"సార్, మీ చేయి..."

"వణుకుతుంది. చేసేది నువ్వే. బతికితే నీ యాభైలో కలుపుకో. పోతే నా పేరున పోతుంది."

మురహరికి గుండె మీద బరువు దిగినట్టయింది. అలా హాయిగా అనిపించినందుకు తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

తెల్లవారి మురహరి వచ్చేసరికి తిక్కన్న బోర్డు ముందు నిలబడి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు.

"పెద్ద సారే చేస్తాడంట! మా ఊరోళ్ళు ఆయప్ప చెయ్యి దేవుడి చెయ్యంటారు." అంతలోనే అతని ముఖంలో అనుమానం వచ్చింది. "నిజమేనా సార్? చేసేది ఆయప్పేనా?"

అవునంటే సరిపోయేది. మురహరి అరచేత్తో బోర్డు మీద గురువు పేరు తుడిచాడు. అక్కడ తన పేరు రాశాడు.

"చేసేది నేను. నలుగురిలో ఒకరు బతకరు. చెయ్యకపోతే ఏడాది కూడా కష్టం. అన్నీ ఆలోచించి, ఇష్టమైతేనే సంతకం పెట్టండి."

తిక్కన్న బోర్డునూ అతన్నీ మార్చి మార్చి చూశాడు.

"నీకు భయమయితాందా సార్?"

"అవుతోంది."

"అట్లయితే జాగ్రత్తగా చేస్తావులే," అన్నాడు తిక్కన్న. లోపలికి వెళ్ళి భార్యతో మాట్లాడాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. కొత్త కవాటం కుట్టాక గుండె కదల్లేదు. అందరూ మురహరి వంక చూశారు. పరాంకుశం గారు మూలన స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మురహరి ఆ గుండెను చేతిలోకి తీసుకుని మెల్లగా ఒత్తుతూ నిలబడ్డాడు. చాలాసేపటికి వేళ్ళ కింద అది తనంతట తాను ఒకసారి కొట్టుకుంది. కాస్త ఆగి మళ్ళీ కొట్టుకుంది.

వారం తిరిగేసరికి ఈరమ్మ వరండా అంతా నడిచింది.

"లోపల గడియారం పెట్టినావా సార్? పండుకుంటే టిక్కుటిక్కుమంటాంది," అంది.

"నీ గురక కన్నా మేలే," అన్నాడు తిక్కన్న.

ఆమె అతన్ని తిట్టింది. మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా, మొత్తం ఒకే గుక్కలో తిట్టింది. మురహరి పక్కనే నిలబడి చివరిదాకా విన్నాడు.

ఆ మధ్యాహ్నం అతను వ్యాసం తీసుకుని గురువు గదికి వెళ్ళాడు. వ్యాసంతో పాటు ఇంకో కాగితం బల్ల మీద పెట్టాడు. దాని మీద పదకొండు పేర్లున్నాయి.

"వీళ్ళెవరు?"

"ఆపరేషన్‌కు తగరని రాసి నేను పంపేసినవాళ్ళు సార్. వీళ్ళ సంగతి చెప్పకుండా ఆ యాభై గురించి సభలో చదవలేను."

"ఇందులో ఎందరు బతికున్నారు?"

"తెలీదు సార్."

"ఫోన్ నంబర్లు?"

"ఉన్నాయి."

పరాంకుశం గారు ఆ కాగితాన్ని తిరిగి అతని చేతిలో పెట్టారు.

"మరి ఇంకా ఇక్కడ కూర్చున్నావేం?"