బియ్యపు గింజంత ఎడం

"పై పళ్లూ కింది పళ్లూ వెంట్రుక దూరనంతగా కలిశాయి. ఇంకేం లోటుంది, మాస్టారూ?" అని అడిగింది హైమవతి. దంతవైద్యం నేర్పే ముకుందరావు గారు రోగిని లోపలికి పిలవమన్నారు.

హైమవతి తన చేతులతో కట్టుడు పళ్లు చేసిచ్చిన మొదటి మనిషి నాంచారమ్మ, చీరాల నేతగత్తె. ఆమె భర్త భావనారాయణకు చూపు పోయి ఆరేళ్లయింది. పొద్దున్నే ఆమె పేపరు చదివి వినిపిస్తేనే ఆయనకు తెల్లవారినట్టు. కొత్త పళ్లతో చదివిన రోజు ఆయన సగంలో ఆపేసి, ఎవరో పరాయి మనిషి చదువుతున్నట్టుంది అన్నాడట. పళ్లు లేకపోతే తిండి లేదు, ఉంటే మాట లేదు. వాటిని కొంగున ముడేసుకుని తిరిగి తెచ్చింది. ఆ ముడి చూసి హైమవతి మనసు చివుక్కుమంది. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, కొలత తప్పలేదనే అంది.

మాస్టారు నాంచారమ్మ ముక్కు కొనమీద ఒకటి, గడ్డం మీద ఒకటి సిరాచుక్కలు పెట్టారు. పళ్లు లేకుండానే కూర్చోబెట్టి, "అమ్మ అనండి తల్లీ. అని, అలాగే ఉండిపోండి" అన్నారు. పెదవులు కలిశాయి, దవడ తేలిగ్గా నిలిచింది. చుక్కల మధ్య దూరం కొలిచారు. తర్వాత పళ్లు పెట్టి, కరిచి పట్టమని మళ్లీ కొలిచారు. రెండు కొలతలూ ఒక్కటే. మాట్లాడేటప్పుడు పళ్లు ఒకదానికొకటి తగలకూడదంటే రెండోది బియ్యపు గింజ మందమైనా తగ్గాలని హైమవతి చదువుకున్నదే. పళ్లు ఎత్తుగా కట్టి, ఆ కాస్త ఎడాన్నీ తానే పూడ్చేసింది. సిగ్గుతో తల దించుకుంది.

పదిహేను రోజులు కూర్చుని కింది వరుస మళ్లీ కట్టింది. నాంచారమ్మ మొదట కరకరలాడే పప్పు చెక్క ఒకటి నమిలింది. తర్వాత పేపరు విప్పి తుపాను కబురు చదివింది. ఆమె వెంట వచ్చిన భావనారాయణ చేతికర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

"కష్టమైన మాటొస్తే దాటేస్తంది. మా మనిషే" అన్నాడు.

నాంచారమ్మ కళ్లొత్తుకుని, దాటేసిన మాట వెనక్కి వెళ్లి చదివింది.

వాళ్లు వెళ్లాక, అయితే దగ్గరగా కలవడం తప్పా అని హైమవతి మెల్లగా అడిగింది. మాస్టారు చేతులు కడుక్కుంటూ అన్నారు:

"ముద్ద దగ్గర కలిస్తే చాలమ్మా. మిగతా పొద్దంతా ఎదురెదురుగా ఉండటమే."