సాంబ్రాణి ఎటు పోయింది

పొద్దున పది గంటలు. సన్నగా తుంపర పడుతోంది. మౌనాచారి గొడుగు మడిచి చౌడేశ్వరి ఇంటి గడప దాటాడు. సంచిలోంచి ధూపం వేసే మూకుడు తీసి నేలమీద పెట్టాడు.

మౌనాచారి ప్రొద్దుటూరులో బంగారం శుద్ధి చేసే కంసాలి. ఆసిడు సీసా దించే ముందు కొట్టంలో సాంబ్రాణి వేయడం ఆయన అలవాటు. వేసి, బయట నిలబడి చూసేవాడు. ఒక్కో రోజు అలా చూసి ఆ పూటకు పనే మానేసేవాడు. రెండేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చౌడేశ్వరి అదంతా భక్తి అనుకుంది. కానీ కొట్టంలో ఒక్క దేవుడి పటమైనా లేదు. మొన్న ఉండబట్టలేక అడిగింది.

"ఈ ధూపం ఎవరికి స్వామీ?"

 నీ ఇంట్లో పని ఎప్పుడు మొదలుపెడుతున్నావని ఆచారి ఎదురు అడిగాడు.

ఆ పని ఆమె నిశ్చయించుకుని ఆరు నెలలైంది. భర్త ఓబులేసుది సెల్‌ఫోన్లు రిపేరు చేసే అంగడి. పాడైన ఫోన్ల బోర్డులు మూడు గోతాలు పోగయ్యాయి. వాటి అంచులకు పలచని బంగారు పూత ఉంటుంది. దాన్ని ఆసిడుతో విడదీసి, ముద్ద చేసి చూపించాలని ఆమె పట్టు. ఆ బంగారంతో చీమకు ముక్కుపుడక చేయించొచ్చని ఓబులేసు నవ్వాడు. ఆ నవ్వుతో పట్టు ఇంకా బిగిసింది.

వంటింట్లో గాజుగిన్నె, సీసా సిద్ధంగా ఉన్నాయి. జల్లు కొడుతోందని కిటికీ మూసేసింది. భర్త అంగట్లో, పిల్ల హరిణి బడిలో, ఇంట్లో ఎవరూ లేరు, ఇక పోసేస్తానంది.

ఆచారి సీసా పక్కకు జరిపాడు. మూకుట్లో నిప్పులు వేసి, వాటి మీద పిడికెడు సాంబ్రాణి చల్లి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఆమెను వసారాలోకి తీసుకొచ్చాడు. ఊరికే చూడమన్నాడు.

పొగ తలుపు సందులోంచి వచ్చింది. నడవలో పాకింది. లోపలి గది పరదా కిందకు దూరింది.

గదిలో ఎవరో దగ్గారు.

చౌడేశ్వరి నడవలోకి పరుగెత్తింది. పరదా తోసుకుని, కళ్లు నులుముకుంటూ హరిణి వచ్చింది. తరగతి గది కారుతోందని బడి వదిలేశారట. అమ్మ వీధి వాకిట్లో నిలబడి ఆచారి కోసం చూస్తుంటే పెరటి తలుపున వచ్చిందట. తడిసినందుకు తిడుతుందని చప్పుడు చేయకుండా పడుకుందట.

ఆమె పిల్లను పట్టుకుంది. తిట్టలేదు. వదలనూ లేదు.

అంతలో పక్కింటి షాహీన్ మూడు నెలల కొడుకును భుజాన వేసుకుని వచ్చింది. రెండు వంటిళ్లకూ నడిగోడ ఒకటే. పైన గోడకూ రేకుకూ మధ్య జానెడు సందు.

"ఏందక్కా, దేవుణ్ణి మా ఇంటికి పిలుస్తాండావా, మమ్మల్నే ఆయన దగ్గరికి పంపిస్తాండావా?" అని నవ్వింది.

చంటివాడు తుమ్మాడు. చౌడేశ్వరికి నవ్వు రాలేదు. సాంబ్రాణి పోయిన దారినే ఆసిడు విషప్పొగా పోయేది. వంటింట్లోకి వెళ్లి కిటికీ తెరిచింది. బిగించి ఉన్న సీసా మూతనే మళ్లీ బిగించింది. సీసా తెచ్చి ఆచారి ముందు పెట్టింది. 

"పని నేర్చుకోవడం మానను స్వామీ. ఈ కప్పు కింద మాత్రం చేయను."

బోర్డులను పద్ధతిగా శుద్ధిచేసే ఫ్యాక్టరీ ఎక్కడుందో కనుక్కుని గోతాలు అక్కడికే పంపుతానంది. ఆచారి తల ఊపి, వాన వెలిసేదాకా వసారాలోనే కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఓబులేసు అన్నానికి వచ్చాడు. చౌడేశ్వరి వాకిట్లో నిలబడి, ఆ వంటింటి గాలి పీల్చేవాళ్లను పెదవులు కదలకుండా లెక్కపెట్టింది. ఆయన ఒకరు. హరిణి రెండు. ఒకసారి చాలక మళ్లీ లెక్కపెట్టింది. ఇంతలో గోడ అవతల చంటివాడు ఏడుపు అందుకున్నాడు.

"మూడు," అంది, ఈసారి పైకే. "షాహీన్ నాలుగు."

ఆచారి గొడుగు అందుకుని లేచాడు.

"రేపు కొట్టంలో సాంబ్రాణి నువ్వే వెయ్యమ్మా," అన్నాడు.